చదువుకున్నవాళ్ళకే ఓటా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ యూనివర్సిటీ క్యాంటీన్లో కూర్చున్నా ఒక మాట తప్పకుండా చెవిని పడుతుంది: "చదువూ సంధ్యా లేనివాళ్ళందరికీ ఓటిచ్చారు, అందుకే దేశం ఇలా తగలడింది." పక్కనున్నాయన టీ గ్లాసు కింద పెట్టి తలాడిస్తాడు. మూడో ఆయన ఇంకో మెట్టు పైకెక్కి, "డిగ్రీ ఉన్నవాడి ఓటునీ, వేలిముద్రగాడి ఓటునీ ఒకే గాటను కట్టడం ఏం న్యాయమండీ?" అంటాడు. ఈ మాట అనేవాళ్ళలో విద్యార్థులున్నారు, లెక్చరర్లున్నారు, ఎప్పుడో చదువు ముగించుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డ పెద్దలూ ఉన్నారు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. దేశం బాగుపడాలన్న ఆత్రంతోనే అంటారు.

ఆ ఆత్రాన్ని నేను శంకించను. కాని ఆ ఆలోచన కొత్తదేం కాదు. ఎవరూ ఇంతవరకూ చేసి చూడనిదీ కాదు. చదువు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళకే ఓటిచ్చే పద్ధతిని అమెరికా దక్షిణాది రాష్ట్రాలు డెబ్భై ఏళ్ళకు పైగా నడిపి చూశాయి. ఆ పరీక్ష ఎలా జరిగిందో, ఎవరు ప్యాసయ్యారో, ఎవరు ఫెయిలయ్యారో, చివరికి దాన్ని ఎవరు, ఏం పోగొట్టుకుని రద్దు చేయించారో అంతా కోర్టు రికార్డుల్లో, సాక్ష్యాల్లో ఉంది. క్యాంటీన్ వాదన ముగించేముందు ఆ కథ ఒకసారి చూడడం మంచిది.

అమెరికాలో అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం పోయింది. 1870లో రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చింది. జాతిని బట్టీ, రంగును బట్టీ, పూర్వపు బానిసత్వాన్ని బట్టీ ఎవరికీ ఓటు కాదనకూడదని దాని సారాంశం. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. అయితే దక్షిణాది పెద్దమనుషులు ఆ కాగితాన్ని చించలేదు. దాని పక్కన ఇంకో కాగితం పెట్టారు. 1890లో మిసిసిపీ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటు వెయ్యాలంటే రెండు డాలర్ల పోల్ టాక్సు కట్టాలి. రాజ్యాంగంలో ఏ సెక్షనైనా చదవగలగాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పగలగాలి. ఆ షరతుల్లో "నల్లవాడు" అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. అదే దాని తెలివి.

మరి ఆ "లేదా" ఎందుకు పెట్టారు? తెల్లవాళ్ళలోనూ చదువురాని వాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి. వాళ్ళని దాటించడానికి ఒక దొడ్డిదారి కావాలి. లూసియానా రాష్ట్రం 1898లో ఇంకా బాహాటంగా పోయింది. 1867 జనవరి 1 నాటికి ఓటున్న వాళ్ళ కొడుకులకీ, మనవళ్ళకీ పరీక్ష అక్కర్లేదంది. ఆనాటికి నల్లవాళ్ళ తాతలకి అక్కడ ఓటెక్కడిది? ఫలితం ఏమిటంటే, 1896లో లూసియానాలో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే 1904 నాటికి మిగిలింది 1,342 మంది. ఈ తాతల నిబంధనల్ని సుప్రీంకోర్టు 1915లో కొట్టేసింది. చదువు పరీక్ష మాత్రం నిలిచే ఉంది.

ఇక్కడ మన మిత్రులు అడ్డొచ్చి, "అది పరీక్ష తప్పు కాదండీ, పెట్టినవాళ్ళ తప్పు. న్యాయంగా పెడితే బాగానే ఉంటుంది" అంటారు. సరే, ఆ పరీక్ష హాల్లోకే వెళ్ళి చూద్దాం.

మిసిసిపీ 1954లో నిబంధనను మరీ బిగించింది. "లేదా" పోయింది. చదవాలి, రాయాలి, పైగా అర్థం కూడా చెప్పాలి. రాజ్యాంగంలో 285 సెక్షన్లున్నాయి. ఏ సెక్షన్ ఇవ్వాలో రిజిస్ట్రారు ఇష్టం. ఒకడికి ఒంటి వాక్యం ఉన్నది ఇవ్వచ్చు, మరొకడికి ప్లీడర్లే తల పట్టుకునేది ఇవ్వచ్చు. జవాబు సరైందో కాదో తేల్చేది కూడా ఆయనే. కీ లేదు, మార్కుల లిస్టు లేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాడూ, ఇన్విజిలేటరూ, పేపర్లు దిద్దేవాడూ ఒక్కడే. ఆ ఒక్కడూ వీళ్ళు నెగ్గకూడదని ముందే అనుకున్నవాడు. మన యూనివర్సిటీలో ఏ పరీక్ష అయినా ఇలా జరిగితే మనం మర్నాడే స్ట్రయికు చెయ్యమూ?

ఎవరు ఫెయిలయ్యారో వినండి. మిసిసిపీలో ఫారెస్ట్ కౌంటీ అని ఒకటుంది. కౌంటీ అంటే మన జిల్లాలో ఒక ముక్కంత అనుకోవచ్చు. అక్కడ ఎం.ఏ. స్థాయి చదువులు చదివిన నల్లజాతి టీచర్లు ఓటు పరీక్ష తప్పారు. అరకొరగా చదవడం వచ్చిన తెల్లవాళ్ళు దర్జాగా నమోదయ్యారు. కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ ఇదంతా కోర్టుకి పెట్టింది. అలబామాలో టస్కెగీ విద్యాసంస్థ ఉంది. బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన సంస్థ, కార్వర్ వేరుశనగ మీద పరిశోధన చేసిన సంస్థ. ఆ ఊళ్ళో ప్రొఫెసర్లు, డాక్టర్లు ఓటు కోసం ఏళ్ళ తరబడి ఆఫీసు మెట్లెక్కి దిగారు. పట్టువదలని వాళ్ళు కొన్ని వందలమంది ఎలాగో నమోదయ్యేసరికి, 1957లో రాష్ట్ర శాసనసభ ఏకంగా ఊరి సరిహద్దునే మార్చేసింది. చతురస్రంగా ఉన్న పట్టణం 28 మూలల వింత బొమ్మగా తయారైంది. దాదాపు 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు! సోషియాలజీ ప్రొఫెసర్ చార్లెస్ గొమిలియన్ దావా వేస్తే 1960లో సుప్రీంకోర్టు ఆ తంతు చెల్లదంది.

అంటే ఏమిటి? చదువురాని నల్లవాడిని పరీక్ష ఆపింది. చదువొచ్చిన నల్లవాడినీ పరీక్షే ఆపింది. చదువు అన్నది నెపం. చదువు తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. ఓటర్లు పాలకుల్ని ఎన్నుకోవాలి గాని, పాలకులు ఓటర్లని ఏరుకునే వీలు దొరికితే ఎంత మంచి పరీక్షయినా అంతే అవుతుంది. ఇది ఒక్క దక్షిణాది దొరల దుర్మార్గం అనుకుని ఊరుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఇంకో మాట. ఆ నల్లవాళ్ళు చదువుకోలేదంటే ఎందుకు చదువుకోలేదు? స్కూలు డబ్బు పంచేవాళ్ళని ఎన్నుకునేది ఓటర్లు. వీళ్ళకి ఓటు లేదు. కాబట్టి వీళ్ళ పిల్లల స్కూళ్ళకి డబ్బు లేదు. మిసిసిపీ డెల్టాలో పత్తి పనులని బట్టి వాళ్ళ బడి తెరిచేవారు, మూసేవారు. ఓటు లేదు గనక బడి లేదు, బడి లేదు గనక ఓటు లేదు. బావిలోకి తోసి, పైకి రాలేకపోయావు కాబట్టి నీకు తాడివ్వనన్నట్టు!

ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట విరగ్గొట్టాలి. విరగ్గొట్టినవాళ్ళు ఓటు వైపు నుంచి మొదలుపెట్టారు. సౌత్ కరొలైనా తీరంలో జాన్స్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడ ఎసా జెంకిన్స్ అనే ఆయన కూలీలని పట్నానికి చేరేసే బస్సు నడిపేవాడు. దారిలో ప్రయాణికులకి రాజ్యాంగంలో ఓటు పరీక్షకి కావలసిన భాగం వల్లె వేయించేవాడు. వల్లె వెయ్యడం కాదు, చదవడమే నేర్పండని వాళ్ళడిగారు. 1957 జనవరిలో ఒక సహకార దుకాణం వెనక గదిలో రాత్రిబడి మొదలైంది. ముందువైపు సరుకుల కొట్టు ఎందుకంటే, వెనక బడి ఉందని తెల్లవాళ్ళు పసిగట్టకుండా. మొదట 14 మంది విద్యార్థులు. పంతులమ్మ బెర్నీస్ రాబిన్సన్. ఆమె ట్రెయినింగయిన టీచరు కాదు, జుట్టు అలంకరించే షాపు నడుపుకునే ఆవిడ. కావాలనే అలాంటి మనిషిని ఏరుకున్నారు. మీకేం నేర్చుకోవాలనుంది అని ఆమె మొదట అడిగింది. సంతకం చెయ్యడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం, ఓటు పరీక్ష ప్యాసవడం అన్నారు. అదే సిలబస్ అయింది. ఈ పద్ధతికి రూపమిచ్చిన సెప్టిమా క్లార్క్ జీవితమంతా టీచరు. హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఆమె ఉద్యోగం ఊడింది. 1970 నాటికి అలాంటి పౌరసత్వపు బడులు దక్షిణాదిలో దాదాపు 900 నడిచాయి. చదువొస్తే ఓటిద్దాం అన్నవాళ్ళు డెబ్భై ఏళ్ళలో చెయ్యని పని, ఓటు కోసం చదువుదాం అన్నవాళ్ళు ఒక వెనక గదిలో మొదలుపెట్టారు.

ఇక విద్యార్థుల సంగతి. 1960లో హోటళ్ళలో బైఠాయింపులతో పుట్టిన విద్యార్థి సంఘం ఎస్.ఎన్.సి.సి.లో 1961లో పెద్ద తగువు వచ్చింది. సత్యాగ్రహాలు చేద్దామా, ఓటర్ల నమోదు చేద్దామా? నమోదంటే గుమాస్తా పని, ప్రభుత్వం మనల్ని వీధుల్లోంచి తప్పించడానికే ఇది చెప్తోందని కొందరి అనుమానం. ఎల్లా బేకర్ అనే పెద్దావిడ, రెండూ చెయ్యండర్రా అని సర్దిచెప్పింది. తీరా మిసిసిపీ వెళ్ళి చూస్తే ఆ గుమాస్తా పనే ప్రాణాంతకం అని తేలింది.

అక్కడికి వెళ్ళినవాళ్ళలో రాబర్ట్ మోజెస్ ఒకడు. హార్వర్డ్‌లో ఎం.ఏ. చేసి న్యూయార్కులో లెక్కలు చెప్పుకునే కుర్రాడు. బైఠాయింపులు కాదు, మా వాళ్ళకి ఓట్లు కావాలి అని అతనికి చెప్పింది ఏ ప్రొఫెసరూ కాదు. ఏమ్జీ మూర్ అనే స్థానికుడు. 1961 సెప్టెంబరు 25న ఆ పనిలో తోడుగా తిరిగిన హెర్బర్ట్ లీ అనే రైతుని ఒక రాష్ట్ర శాసనసభ్యుడు పట్టపగలు కాల్చి చంపాడు. ఆత్మరక్షణ అన్నారు, వదిలేశారు. చూసిన లూయీ ఆలెన్ నిజం చెప్తానన్నాడు. 1964 జనవరి 31న అతన్నీ చంపారు. 1962లో వచ్చిన చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టినవాళ్ళ పేర్లు రెండువారాలు స్థానిక పేపర్లో వెయ్యాలి. ఎవరిని పన్లోంచి తియ్యాలో, ఎవరికి అప్పు ఆపాలో చూసుకోవడానికి వీలుగా! ఆ చలికాలంలో లెఫ్లోర్ కౌంటీ పేదలకిచ్చే ఉచిత ఆహారం ఆపేసింది. విద్యార్థులు ఊరూరా బియ్యం, పిండి పోగుచేసి లారీల్లో తెచ్చారు.

ఫానీ లూ హేమర్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇరవైమంది పిల్లల్లో కడగొట్టుది, ఆరేళ్ళకే పత్తి ఏరింది, చదివింది కొద్ది తరగతులు. నల్లవాళ్ళకి ఓటుంటుందని ఆమెకి 1962లో, 44 ఏళ్ళ వయసులో, విద్యార్థులు పెట్టిన సభలో తెలిసింది. ఆగస్టు 31న 18 మందితో కలిసి 26 మైళ్ళ దూరంలో ఉన్న కోర్టుకి బస్సులో వెళ్ళింది. పరీక్ష తప్పింది. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. బస్సు రంగు సరిగా లేదట! ఇల్లు చేరేసరికి పొలం ఆసామి సిద్ధంగా ఉన్నాడు. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఖాళీ చెయ్యి అన్నాడు. నేను వెళ్ళింది మీకోసం కాదు, నాకోసం అని చెప్పి, 18 ఏళ్ళు పనిచేసిన చోటు ఆ రాత్రే వదిలేసింది. పదిరోజులకి ఆమె తలదాచుకున్న ఇంటిమీద తుపాకులు పేల్చారు. 1963 జనవరి 10న, మూడో ప్రయత్నంలో ప్యాసయింది. తీరా ఓటెయ్యబోతే పోల్ టాక్సు రసీదులు లేవన్నారు. ఆ జూన్‌లో వినోనా జైల్లో ఆమెని చావబాదారు. ఆ మనిషే 1964 ఆగస్టు 22న డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు కూర్చుని ఇదంతా చెప్తుంటే, టీవీలు అటు చూపించకుండా ఉండడానికి ప్రెసిడెంటు జాన్సన్ హడావుడిగా విలేకర్లని పిలిచాడు. అయినా రాత్రి వార్తల్లో దేశమంతా విన్నది. రాజకీయం తెలియాలంటే డిగ్రీ ఉండాలనేవాళ్ళు ఆమె సాక్ష్యం చదవాలి.

అదే సంవత్సరం వేసవిలో ఉత్తరాది కాలేజీల నుంచి దాదాపు వెయ్యిమంది విద్యార్థులు మిసిసిపీకి వచ్చారు. మొదటి రోజుల్లోనే, జూన్ 21న, ముగ్గురు మాయమయ్యారు. చేనీ స్థానిక నల్లజాతి యువకుడు, గుడ్‌మన్ న్యూయార్కు విద్యార్థి, ష్వెర్నర్ పూర్తికాలపు కార్యకర్త. ఆగస్టు 4న మట్టికట్ట కింద వాళ్ళ శవాలు దొరికాయి. మిగిలినవాళ్ళు ఇళ్ళకి పోలేదు. గడప గడపా తిరిగారు. ఆ వేసవిలో సుమారు 17,000 మంది నల్లవాళ్ళు దరఖాస్తు పెట్టారు. ఒప్పుకున్నది దాదాపు 1,600 మాత్రమే. సంఖ్య చూస్తే ఓటమే. కాని ఓటంటే వీళ్ళకి ఇష్టంలేదు అనే పాత అబద్ధం మళ్ళీ తల ఎత్తకుండా పోయింది.

ఆ వేసవికి కొద్దివారాల ముందు మనవాడొకాయన అక్కడికి వెళ్ళాడు. హైదరాబాదు నుంచి 'మాన్‌కైండ్' పత్రిక మొదలుపెట్టిన రామ్ మనోహర్ లోహియా. బెర్లిన్ డాక్టరేటు, లోక్‌సభ సభ్యత్వం రెండూ ఉన్నాయి. 1964 మేలో మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో ఒక భోజనశాలలోకి రానివ్వలేదు. మళ్ళీ వెళ్తే అరెస్టు చేశారు. తర్వాత అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది. డాక్టరేటు ఉంటే గౌరవం దానంతటదే వస్తుందనుకునేవాళ్ళకి ఇదొక పాఠం.

లెక్చరర్లకి మరో పాఠం సెల్మా ఊరిది. అలబామాలోని ఆ కౌంటీలో ఓటు వయసొచ్చిన నల్లవాళ్ళు సుమారు 15,000. 1965 మొదట్లో నమోదైనవాళ్ళు మూడొందల పైచిలుకు. నమోదు ఆఫీసు నెలకి రెండురోజులే తెరిచేవారు. పిల్లలకి సివిక్స్ చెప్పే మేష్టర్లకే ఓటు లేదు. 1965 జనవరి 22న నూరుమందికి పైగా టీచర్లు ఫ్రెడరిక్ రీస్ వెంట కోర్టుకి ఊరేగింపుగా వెళ్ళారు. ఉద్యోగాలు స్కూలుబోర్డు చేతిలో ఉన్నాయి. అయినా జైలుకి సిద్ధమని చెప్పడానికి పళ్ళుతోముకునే బ్రష్షులు చేతపట్టుకున్నారు. షెరీఫ్ మనుషులు కర్రలతో మెట్లమీంచి కిందికి నెట్టారు. మేష్టర్లే కదిలారని చూశాక ఊరు ఊరంతా కదిలింది. ఆ తర్వాత మార్చి 7న వంతెన మీద జరిగిన లాఠీఛార్జి ప్రపంచం చూసింది. ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం మీద సంతకం పడింది. ఆ రాష్ట్రాల్లో చదువు పరీక్షలు ఆగిపోయాయి. నమోదుకి కేంద్రం తన అధికారుల్ని పంపింది. మిసిసిపీలో 6.7 శాతం ఉన్న నల్ల ఓటర్ల నమోదు 1967కల్లా 59.8 శాతానికి చేరింది. రెండేళ్ళలో వాళ్ళందరికీ చదువు రాలేదు. మధ్యలో నిలబడ్డ మనిషిని తప్పించారంతే. 1975లో చదువు పరీక్షని దేశమంతటా శాశ్వతంగా నిషేధించారు.

కథ అక్కడ సుఖాంతం కాలేదు. ఎన్నికల నియమాలు మార్చాలంటే కేంద్రం అనుమతి ముందే తీసుకోవాలని 1965 చట్టం కొన్ని రాష్ట్రాలకి ముకుతాడు వేసింది. ఏయే రాష్ట్రాలకన్నది తేల్చే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆరోజే టెక్సస్ తన ఫోటో గుర్తింపుకార్డు చట్టం అమలు చేస్తానంది. 2011లో చేసిన ఆ చట్టంలో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు. పరీక్ష పేరు మారుతుంది. పరీక్ష పెట్టాలన్న కోరిక మారదు.

"అవన్నీ సరే, మనదగ్గర డబ్బుకీ సారాకీ ఓట్లమ్ముకోవడం అబద్ధమా?" అంటారు. అబద్ధం కాదు. కాని అమ్మేవాడొక్కడే ఉంటే సంత జరగదు. కొనేవాడెవడు? ఆ లెక్కలు రాసేవాడెవడు? డిగ్రీలు లేనివాడా? పోలింగురోజు సెలవనుకుని సినిమాకి పోయేది ఎవరు? అజ్ఞానం ఉంది, నిజమే. దానికి మందు బడి. ఓటు తీసెయ్యడం మందు కాదు, రోగిని ఇంట్లోంచి గెంటడం.

మన పెద్దలకి ఈ సంగతి తెలుసు. తెల్లదొరల కాలంలో మనకీ ఆస్తి, పన్ను, చదువు చూసే ఓటిచ్చేవారు. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి 18 మందే. అయినా 1951-52 ఎన్నికల జాబితాలో 17 కోట్ల పైచిలుకు పేర్లెక్కించారు. మనదగ్గర జాబితా రాసేవాడు గడపకి వచ్చాడు. అక్కడ పౌరుడు గుమాస్తా గడపకి వెళ్ళి దేబిరించాల్సి వచ్చింది. ఈ ఒక్క తేడా విలువ మనం గుర్తించం. అయితే మన జాబితాలోనూ ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని తప్ప సొంతపేరు చెప్పుకోని ఆడవాళ్ళు 28 లక్షలమంది దాకా తీసివేతకి గురయ్యారు. రిజిస్టరులో పేరుండడం అంత చిన్న విషయం కాదు.

కాబట్టి నా మనవి ఇది. 61వ సవరణతో 1989లో మనదేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. మన కాలేజీలో అడుగుపెట్టే ప్రతివాడూ ఇంచుమించు ఓటరే. యూనియన్ ఎన్నికల్లో నెలరోజులు గోడలన్నీ పోస్టర్లతో నింపుతాం. అందులో పదిరోజుల ఓపిక ఈ పనికి పెడదాం. యూనియన్ ఆఫీసులో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కట్ట ఫారం-6లు. మెస్సులో వంటవాళ్ళు, స్వీపర్లు, కొత్త బ్లాకు కడుతున్న వలసకూలీలు, వీళ్ళ పేర్లు జాబితాలో ఉన్నాయా, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నాయి, లేకపోతే ఏం చెయ్యాలి అని అడిగి చూద్దాం. ఎవరికి ఓటెయ్యాలో మనం చెప్పనక్కర్లేదు. అది వాళ్ళకి మనకంటే బాగా తెలిసి ఉండచ్చు. ఫారం నింపడం మాత్రం మనకొచ్చు. మన చదువు ఆ పనికి పనికొస్తే ప్రస్తుతానికి చాలు.